బాపు చూడని అంచు

సూరత్‌లోని అడాజన్‌లో నేను పనిచేసే బట్టల దుకాణంలో కొత్త చీరల కట్ట విప్పగానే గంజి, మగ్గం నూనె కలిసిన వాసన ఒకటి గుప్పుమంటుంది. వచ్చినవాళ్లు ముక్కు చిట్లిస్తారు గానీ నాకది మా బాపు చొక్కా వాసన. కరీంనగర్ వైపు నుంచి సూరత్ వలస వచ్చి, పవర్‌లూమ్ కార్ఖానాలోనే బతుకంతా నేసిన మనిషి ఆయన.

లాక్‌డౌన్ పెట్టిన ఎండాకాలం మగ్గాల చప్పుడు ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఆ మోతలోనే నిద్రపోయిన మాకు ఆ నిశ్శబ్దంలో కన్ను మూతపడేది కాదు. రేకుల కింద ఒకే గది, పొద్దునా సాయంత్రం పచ్చిపులుసు, ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్. గోరుచుట్టు మీద రోకటిపోటులా అందులో బడి పాఠం సగంలో ఆగిపోయి, లెక్కల టీచరమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయేది. పదో తరగతికొచ్చిన అక్క పాఠం మూసేసి, గళ్ల దిమ్మెలతో ఇళ్లూ ఊళ్లూ కట్టే ఆట తెరిచేది.

“గీ ఆట బువ్వ పెడ్తదా బిడ్డా?” అని బాపు గొణిగేవాడు. పని లేని మనిషి కోపం ఎటు తిరిగినా ఆ ఫోన్ మీదే పడేది.

ఒకరోజు అక్క ఆటలో గడికో రంగు దిమ్మె పెట్టి చీర అంచు పరిచింది, చిలకల వరుసతో. బాపు వంగి చూశాడు.

“చిలుకలు ఉల్టా ఉన్నయేందే?”

మా మగ్గాల మీద చీర బోర్లా నేస్తారు. మంచి వైపు కిందికి ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వెనుక వైపే. అక్క ఆటలోనే ఆ అంచు కింద గుంత తవ్వి, ఆట మనిషిని దింపి, తలెత్తించి చూపింది. బాపుకు అలవాటైన చిలకలు అక్కడున్నాయి.

“గిన్నేండ్లు చీర ఈపే జూసుకుంట బతికిన” అన్నాడాయన. ఏ వస్తువునైనా అవతలి వైపు నుంచి కూడా చూడమని మాకు నేర్పింది ఆ ఆటే, బడి కాదు.

ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ వదిలితే ఒట్టు. “పోగు గింత దూరం తేలితే గాజులకు చిక్కుకుంటది” అని బాపు చెప్పడం, అక్క దిమ్మెలు మార్చడం. బతుకమ్మకు సత్తుపిండి ముద్దలు తింటూ కూడా అదే పని. మగ్గాలు మళ్లీ నడిచాక, మరుసటి ఎండాకాలం ముందు కార్ఖానా యజమాని సేఠ్ ఆ అంచును నేయడానికి ఒప్పుకున్నాడు.

“మగ్గం దిగినంక ఒక్క చీర తెస్త. గీసారి ముందటి దిక్కు జూస్త” అన్నాడు బాపు.

చీరలు మగ్గం దిగకముందే రెండోసారి కరోనా విరుచుకుపడింది. బాపుకు జ్వరం, ఆయాసం. ఆసుపత్రి గేటు దగ్గరే మమ్మల్ని ఆపేశారు. ఆయన పోయాక ముఖమైనా చూడనివ్వలేదు. మేం తేరుకుని కార్ఖానాకు వెళ్లేసరికి ఆ చీరలన్నీ అమ్ముడుపోయాయి.

ఇప్పుడు ఆ కార్ఖానా లేదు, ఆ ఫోన్ లేదు. అక్క చదువు అక్కడే ఆగింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తుంది, ఆట మాటే ఎత్తదు. బస్సెక్కితే మాత్రం తన కళ్లు ఆడవాళ్ల చీర అంచుల మీదే ఉంటాయి. మొన్న ఒకావిడ పక్కన మరీ వంగి చూస్తే, ఆమె కొంగు లాక్కుని హిందీలో కసిరింది. అక్క తల దించుకుంది. బస్సు దిగి చాలా దూరం నడిచాక నాతో మెల్లగా అంది.

“గా అంచు మనది గాదే.”