తెల్లకన్ను, నల్లకన్ను

తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, ఆటోలో సముద్రపు ఒడ్డుకు వెళితే ఉప్పుగాలి కంటే ముందు కోడిపేగుల కుళ్లు ముక్కులో దూరుతుంది. చికెన్ కొట్లవాళ్లు గోతాలకెత్తి తెచ్చి ఇసుకలో పారబోసిన ఆ కుప్పల మీద సముద్రపు కాకులు ముసిరి, ఎర్రటి ముక్కులు ముంచి పేగులు లాక్కుంటుంటే ఈ వయసులోనూ నేను దూరంగా తప్పుకుని పోతాను.

మా చిన్నతనంలో ఆ తెల్లపక్షులు వానలు వెనకబట్టి మంచు మొదలయ్యే రోజుల్లో దిగేవి. ఒడ్డున మా నాయనమ్మ తాటాకు చాపల మీద నెత్తళ్లు ఎండబెట్టేది. ఉప్పూ ఎండా చేపనూనే కలిసిన వాసనలో తెల్లారేది మాకు. చద్దన్నంలోకి కాల్చిన నెత్తళ్లు నంజుకుని, పొద్దుగూకేదాకా పక్షులను తోలడమే ఆట. వచ్చేవి రెండు జాతులని చూపించింది ఆవిడే. రెండూ తెల్లవే, రెంటికీ చెవి దగ్గర మసిబొట్టు. పెద్దదానిది తెల్లకన్ను, నల్లటి రెక్క కొసల్లో తెల్లచుక్కలు; చిన్నదానిది నల్లకన్ను, రెక్క ముందంచు పొడుగునా తెలుపు. పెద్దది చాపల మీద పడి దోచేది. చిన్నది పడవలు కడిగిన నీళ్లలో ఏరుకునేది.

దొంగపక్షిని ఒకదాన్ని చంపి గెడకు తలకిందులుగా వేలాడదీస్తే దాని జాతి మళ్లీ వాలదని మావాళ్ల నమ్మకం. వంకరకాలి నల్లకన్నుదాన్ని ఒకదాన్ని నేను రొయ్య తలకాయలు వేసి మచ్చిక చేసుకున్నాను. ఓ మధ్యాహ్నం మా బాబాయి రాయి విసిరి దాన్నే పడగొట్టి, కాళ్లకు తాడు కట్టాడు. అది దొంగది కాదని, కన్ను చూడమని ఏడ్చాను.

"చచ్చినదానికి కన్నేంట్రా, అన్నీ ఒకటే" అన్నాడు.

నాయనమ్మ చాప దగ్గర్నుంచి లేవకుండానే, "ఒకటి కాదని నీకూ తెలుసు. చేతికి అందింది గాబట్టి కొట్టావు" అంది.

అందేలా చేసింది నేనే. నాలుగు రోజులు అది ఈగలు ముసిరి, ఉబ్బి, బొట్లుబొట్లుగా కారింది. తెల్లకన్నువి మాత్రం అదే గెడ మీద వాలి, తీరుబడిగా మా చేపలు తిన్నాయి.

అయిదో తరగతితో ఆగిన చదువు నాది. తర్వాతెప్పుడో తెనాలి పాతపుస్తకాల కొట్లో పక్షుల పుస్తకం కొని కూడబలుక్కుంటూ చదివితే, పెద్దదాని పేరు గోధుమ తలదట, చిన్నదాని పేరు నల్ల తలదట. మన దగ్గరున్న చలికాలమంతా రెంటి తలలూ తెల్లగానే ఉంటాయే, ఇదేం చదువయ్యా?

మొన్న బాపట్ల కుర్రాళ్లు ఆ కుప్ప దగ్గరే చిప్స్ విసిరి ఫొటోలు తీసుకుంటున్నారు. చిన్నజాతి ఒకటుండాలి, కనపడిందా బాబూ అని అడిగాను.

"బోల్డన్ని ఉన్నాయిగా తాతా, ఏదో ఒకటి చూసుకో" అన్నాడొకడు.

చూశాను. ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, పేగులు తొక్కుకుంటూ కుప్ప చుట్టూ తిరిగి, ఒక్కొక్కదాని మొహంలోకీ చూశాను. ప్రతిదానిదీ తెల్లకన్నే.