చంపావతి కలిసే చోట

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం నేను పుట్టింట్లో, శృంగవరపుకోటలో గడిపాను. శ్రావణం రాగానే నన్ను తీసుకెళ్ళడానికి మా ఆయన, అత్తగారు కారులో వచ్చారు. పందొమ్మిది వందల అరవైల చివర్లో మాట ఇది. ఆ రోజుల్లో మా వీధిలోకి కారు రావడమే వింత. అది మా ఆయన మేనమామది. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసేవాడు. ఎవరో వాడి వదిలేసిన నల్లకారు కొనుక్కుని, దాన్ని తోలడానికి దొరికిన ఏ సాకూ పోనిచ్చేవాడు కాదు.

విజయనగరం దాటాక, కారు తోలుతూ ఆ మేనమామే అడిగాడు. "ఏటమ్మా, ఎప్పుడైనా సముద్రం సూసేవా?"

లేదన్నాను. మా ఊళ్ళో ఎటు చూసినా కొండలే.

"అయితే ఒడ్డు పట్టుకుని పోదాం."

"పొద్దుగుంకేలోగా ఇంటికెల్లాల," అంది నా పక్కన కూర్చున్న అత్త.

ఆవిడంటే నాకు భయం. తిట్టేది కాదు, అసలు మాట్లాడేదే కాదు. ఆ మౌనానికి ఏ తప్పు చేశానోనని నాలో నేనే వెతుక్కునేదాన్ని.

మొదట ముక్కాంలో ఆగాం. తాటితోపు దాటగానే ఇసుక, దాని మీద ఓరగా ఒరిగిన పడవలు, ఆ వెనకాల ఆకాశం దాకా నీళ్ళు. మనిషి జాడ లేదు. పరిగెత్తి వెళ్ళి అలలో కాళ్ళు పెట్టాను. కాళ్ళకింద ఇసుక జారిపోతుంటే కెవ్వుమని మా ఆయన చెయ్యి పట్టుకున్నాను, అత్త చూస్తోందని వెంటనే వదిలేశాను. ఆవిడ కారు దిగలేదు. తలుపు తీసుకుని నీళ్ళకేసి చూస్తూ అలాగే కూర్చుంది.

మళ్ళీ పెద్దరోడ్డెక్కి కోనాడ వైపు తిరిగాం. అక్కడ చంపావతి సముద్రంలో కలుస్తుంది. వానలింకా గట్టిగా పడలేదేమో, ఏరు వెడల్పుగా, నెమ్మదిగా ఉంది. ఒడ్డున చాప పరుచుకుని మా అమ్మ పంపిన పులిహోర తిన్నాం. గాలికి ఇసుక పడి ప్రతి ముద్దా కరకరలాడింది. తిన్నాక మా ఆయన, కొత్త పెళ్ళాం ముందు మంచివాడనిపించుకోవాలని, గిన్నె తనే కడుగుతానన్నాడు. అలవాటు లేని పని. చేయి జారింది. ఆటుకి నీళ్ళు వెనక్కి లాగుతున్నాయి కాబోలు, ఇత్తడి గిన్నె తేలుకుంటూ సముద్రం వైపు బయల్దేరింది.

"పోతే పోనీలే, కొత్తది కొంటాను," అన్నాడు. ఆయనకి ఈత రాదు.

నేను దాని వెంట ఒడ్డమ్మట నాలుగడుగులు పరిగెత్తాను. మా అమ్మ సారెలో పెట్టిన గిన్నె అది.

"కన్నోరిచ్చిన గిన్నెరా! సముద్రంపాలు సేస్తావేటి?"

తిరిగి చూసేసరికి అత్త కచ్చ బిగించేసింది. ఎవరూ నోరు తెరిచే లోపు మోకాలి లోతు, నడుం లోతు, ఆ తర్వాత తల ఒక్కటే కనిపించింది. అవతల వల బాగుచేసుకుంటున్న మనిషి లేచి నిలబడి, "ఓలమ్మా, ఆగు! పడవ తెత్తాను!" అని కేకేశాడు. ఆవిడ ఆగలేదు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి తాపీగా నీళ్ళలో పడుతున్నాయి. గిన్నెని అందుకుని, దాన్ని ముందుకు తోసుకుంటూ ఈదుకొచ్చింది. ముడి వీడి జుట్టంతా మొహానికి అంటుకుపోయింది.

"ఏటలా సూస్తారు? తువ్వాలియ్యండి."

"అమ్మా, నీకు ఈతొచ్చా?" తువ్వాలు అందిస్తూ అడిగాడు మా ఆయన.

"నువ్వెప్పుడైనా అడిగేవా?"

మేనమామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నన్ను ఈపుమీదేసుకుని నాగావళి దాటించిందిరా మా అప్ప! పెళ్ళయ్యాకే, కోడలు ఏట్లో దిగితే బాగోదన్నారు మీ వోల్లు."

అత్త జుట్టు పిండుకుంది. గిన్నె తుడిచి నా ఒళ్ళో పెట్టింది. కారు కదిలాక తనే అడిగింది, "తమ్ముడా, మల్లీ ఎక్కడ ఆపుతావు?"

చింతపల్లి దగ్గర ఆపాడు. అక్కడ ఒడ్డున రాళ్ళున్నాయి. అలలు అవతల విరిగి పడుతుంటే ఇవతల నడుంలోతు నీళ్ళు కదలకుండా నిలిచాయి. మగవాళ్ళిద్దరినీ కారు దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చోమని తరిమేసి, నాకేసి చెయ్యి చాపింది.

"రాయే."

"భయం అత్తా."

"సముద్రమంటేనా, నానంటేనా?"

"రెండూ," అనేశాను.

పగలబడి నవ్వింది. నేను కాపరానికొచ్చాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. నాకూ నవ్వొచ్చింది. చీర కొంగు నడుముకి చుట్టుకుని దిగాను. నా వీపు కింద తన అరచెయ్యి పెట్టి నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది.

"మెడ బిగబట్టకు. ఒల్లు తేలిగ్గా ఒదిలీ. నా సెయ్యి ఉన్నాది కదా."

చెవులు నీళ్ళలో మునిగాయి. ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి తల తిప్పి చూస్తే ఆవిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని దూరంగా నిలబడి ఉంది! అంతే, బుడుంగున మునిగి దోసెడు ఉప్పునీళ్ళు మింగాను. "మల్లీ," అంది లేవదీస్తూ. మళ్ళీ, ఇంకోసారి మళ్ళీ. మగవాళ్ళు హారన్ కొడుతున్నా ఇద్దరం పలకలేదు.

సీటు పాడవుతుందని మేనమామ గొణుగుతుంటే కింద గోనెపట్టా వేసుకుని తడి చీరలతోనే కూర్చున్నాం. రణస్థలంలో టీ కోసం ఆగేసరికి దీపాలు పెట్టారు. బయట టీ ముట్టని మనిషి, ఆ రోజు కారులోంచే గ్లాసు అందుకుంది. ఊదుకుంటూ తాగి, ఖాళీ గ్లాసు కొడుక్కిచ్చి, "ఇంకో రెండు పట్టుకురా. దీనికి సలేస్తన్నాది," అంది నన్ను చూపించి.