ప్రారంభం కాని గది

నా చిన్నప్పుడు కార్తీక పౌర్ణమి సముద్రస్నానమంటే పిల్లలకి పండగ, ఆడవాళ్లకి తంటా. కూచిపూడి పక్కనున్న మా పల్లె నుంచి తొలి బస్సెక్కి బందరు వైపు ఒడ్డుకు చేరేవాళ్లం. మునగడం సులువే. మునిగాక తడిచీర ఎక్కడ మార్చుకోవాలి? ఇద్దరు ఒక చీరని అడ్డంగా పట్టుకుంటే, ఆ చాటున మూడో మనిషి మార్చుకోవాలి. గాలికి ఆ అడ్డం నిలిచేది కాదు. మా నాయనమ్మకి అలా మార్చుకోవడమంటే చచ్చేంత సిగ్గు. ఒక ఏడాది తడిబట్టలతోనే ఇల్లు చేరి, పదిరోజులు జ్వరంతో మంచం దిగలేదు.

ఆ మరుసటి ఏడు ఒడ్డున ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి ఒక గది కట్టారు. సున్నం వేసి, గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాశారు కూడా. తలుపుకి మాత్రం తాళం. నాయనమ్మ గజగజ వణుకుతూ ఆ గుమ్మం ముందే నిలబడిపోయింది. ఈసారీ తడిబట్టలతో బస్సెక్కితే ఆవిడ ఏమైపోతుందోనని నాకు ఏడుపొచ్చింది.

మా పెద్దమ్మ వాచ్‌మన్‌ని పిలిచి తాళం తీయమంది.

“ఇంకా ఓపెనింగ్ కాలేదండీ. ఆఫీసరుగారు రావాలి,” అన్నాడతను.

ఎప్పుడొస్తారంటే, వేసవి నుంచీ రేపో మాపో అంటున్నారని చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. అయినా పెద్దమ్మ ఎక్కడ గొడవ పెట్టుకుంటుందో, జనం ఎక్కడ చూస్తారోనని ఆమె కొంగు పట్టి లాగాను. ఆమె గొంతు పెంచలేదు.

“ఓపెనింగంటే ఏం చేస్తారు నాయనా?” అని నెమ్మదిగా అడిగింది.

“కొబ్బరికాయ కొట్టి హారతిస్తారండీ.”

పెద్దమ్మ బుట్టలోంచి కొబ్బరికాయ తీసి నాయనమ్మ చేతిలో పెట్టింది. “ఇక్కడ అందరికన్నా పెద్దవారు మీరే అత్తయ్యా, కొట్టండి,” అంది. అది గంగమ్మకి తెచ్చిన కాయ కదా అని నాయనమ్మ వెనకాడింది. “గంగమ్మా ఆడదేగా, ఏమీ అనుకోదు లెండి,” అంది పెద్దమ్మ.

నాయనమ్మ గడప పక్క రాతి మీద కాయ కొట్టింది. పెద్దమ్మ కర్పూరం వెలిగించి, పళ్లెం ముందుగా వాచ్‌మన్ దగ్గరికే తీసుకెళ్లింది. అతను అలవాటు చొప్పున చెప్పులు విడిచి హారతి కళ్లకద్దుకున్నాడు. అద్దుకున్నాక, ఓపెనింగ్ కాలేదని ఏ మొహం పెట్టుకుని అంటాడు? గొణుక్కుంటూనే తాళం తీశాడు. నాయనమ్మ అందరికన్నా ముందు లోపలికి వెళ్లి, పొడిచీర కట్టుకుని బయటికొచ్చింది.

తిరుగు బస్సులో, కొంగు ఎందుకు లాగావని పెద్దమ్మ అడిగింది. సిగ్గేసిందన్నాను.

“సిగ్గుపడాల్సింది తాళం వేసినవాళ్లు. మనకెందుకే?” అంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, పటమటలో ఉంటున్నాను. పోయిన నెల మనవరాలితో మళ్లీ సముద్రానికి వెళ్లాను. రంగుల దీపాలు పెట్టారు, ఫొటోలు దిగడానికి నిలువెత్తు అక్షరాలు నిలబెట్టారు, ఐస్‌క్రీం బండ్లకి లెక్కే లేదు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి మాత్రం తాళం. పిల్ల చాలాసేపటి నుంచి ఆపుకుంటోంది. అడిగితే, కొత్తగా కట్టిందండీ, ఇంకా ఓపెనింగ్ కాలేదన్నారు. ఇన్నేళ్లలో అన్నీ మారాయి, ఈ ముక్క మాత్రం మారలేదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేదాకా కదలనని ఆ మెట్ల మీదే కూర్చున్నాను. చివరికి ఎవరో వచ్చి తెరిచారు.

నలుగురిలో నిలబడి అడగడానికి నాకు ఆ రోజు నుంచీ సిగ్గు లేదు. ఈ వయసులో కూడా అడగాల్సి వస్తోందన్న కోపం మాత్రం చల్లారడం లేదు.