గీత పడకూడని తుపాకీ

మా కౌంటర్ మీద మోచేతులానించి, కొనని వస్తువుకి కూడా వంకలు పెట్టే మగవాళ్లని చాలామందినే చూశాను. వయోమింగ్‌లో దాణా, మేకులు, తుపాకులు అమ్మే కొట్టు పెట్టుకున్నాక అది తప్పదు. కానీ మెర్ల్ హాస్కెట్‌ని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

చెడ్డవాడా అంటే కాదు. తాగడు, పేకాడడు. తుపాకుల మంచిచెడ్డలు ఎంచుతాడు. జీవితంలో అతను చేసిన పని అదొక్కటే. మందని మేపేదీ, ఈనే గొర్రెల పక్కన మంచులో కూర్చునేదీ పెళ్లాం ట్వైలా. ఈయనగారు నడుముకి రివాల్వర్ తగిలించుకుని నా కొట్లో కాఫీ తాగుతుంటాడు.

ట్వైలా అడిగింది చిన్న కోరికే. గొర్రెలు ఈనే రోజుల్లో కొయోటీలు, ఆ నక్కజాతి తోడేళ్లు, పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. గుర్రం మీంచి పడ్డప్పటినుంచి ఆమె భుజం పెద్ద తుపాకీ తన్నుని ఓర్చుకోదు. మొగుడి రివాల్వర్ తూటాలే పట్టే, కింది మీటని తోసి లాగితే తూటా మారే లీవర్ రైఫిల్ ఒకటి, తేలికపాటిది, తలుపు పక్కన ఉంటే చాలు. "నువ్వేగా తుపాకుల పండితుడివి, నమ్మకమైంది ఒకటి చూసి పెట్టు" అందట. అక్కడే పప్పులో కాలేసింది.

మొదటిది కొన్నాడు. వారం తిరక్కుండా తెచ్చి కౌంటర్ మీద నా ముందు పెట్టాడు.

"ఇరుక్కుంటోంది ఐవా. పనికిమాలిన సరుకు."

కొట్టు వెనక దిబ్బ దగ్గర నేనే దాన్ని నిండా తూటాలు నింపి కాల్చి చూశాను. శుభ్రంగా పేలింది. రెండోదాన్నీ అదే మాటతో తెచ్చాడు, అదీ శుభ్రంగానే పేలింది. మూడోది కొనేటప్పుడు అతని చేతుల్నే చూస్తూ నిలబడ్డాను. నిద్రపోతున్న పసిబిడ్డని పక్కకి తిప్పినట్టు, రెండు వేళ్లతో లీవర్‌ని సగం దాకా తోసి వెనక్కి తెస్తున్నాడు.

"ఒరేయ్ మెర్ల్, చివరిదాకా కొట్టు దాన్ని! లేకపోతే ఖాళీ తూటా బయటికెలా వస్తుంది?"

"కొత్తది కదా, గీతలు పడతాయి" అన్నాడు. పైగా దానికోసం లోపల మెత్తటి ఉన్ని పరిచిన తోలు పెట్టె కూడా కొన్నాడు. తలుపు పక్కన ఉండాల్సిన తుపాకీ మంచం కింద పెట్టెలో పడుకుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం దాణా బస్తాలు దించడానికి వాళ్లింటికెళ్లాను. ట్వైలా కొట్టంలో ఒక గొర్రెకి పురుడు పోస్తోంది. కొయోటీ పట్టపగలే కంచె దూరింది. "మెర్ల్! తుపాకీ!" అని ఆమె అరిచింది. ఆయనగారు లోపల్నించి పెట్టె తెచ్చి, వాకిట్లో కూర్చుని బకిళ్లు ఒక్కొక్కటే విప్పాడు. కాల్చాడు, తప్పింది. లీవర్ సగం తోశాడు. ఇరుక్కుంది.

కొయోటీ నోట్లో ఉన్నది ట్వైలా వంటింటి పొయ్యి పక్కన పెట్టుకుని సీసా పాలతో బతికించిన గొర్రెపిల్ల. మెర్ల్ తుపాకీని తిప్పి తిప్పి చూస్తూ, "చూశావా ఐవా, ఇదీ అంతే!" అన్నాడు.

ట్వైలా మోచేతుల దాకా నెత్తురుతో పరిగెత్తుకొచ్చి తుపాకీ లాక్కుంది. లీవర్‌ని ఫెడీమని కొట్టింది. ఖాళీ తూటా ఎగిరిపడింది. మళ్లీ వెనక్కి లాగి కాల్చింది. కొయోటీ కంచె దగ్గరే కూలింది. పిల్ల అప్పటికే చచ్చిపోయింది.

"మెల్లిగా! గీతలు పడతాయే!" అన్నాడు మెర్ల్.

ఆ మాట విన్న క్షణం నాకు వాడి మొహం మీద ఉమ్మాలనిపించింది. ట్వైలా పిల్లని ఒళ్లో వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఆగాక నావైపు చూసింది.

"తుపాకీ ఇక్కడే ఉంటుంది ఐవా. వెనక్కి తీసుకోవాలనుంటే ఈ మనిషిని తీసుకుపో."

"వాడేసిన సరుకు మా కొట్లో తీసుకోరమ్మా" అన్నాను. వాడేసింది కూడా కాదు, అసలు ఎందుకూ వాడనిది.

ఇప్పుడా తుపాకీ వాళ్ల వంటింటి తలుపు పక్కన దుమ్ముకొట్టుకుని, ఒళ్లంతా గీతలతో నిలబడి ఉంటుంది. ఆ తర్వాత ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదు. మెర్ల్ మాత్రం ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని నా కొట్టుకొస్తూనే ఉన్నాడు, నమ్మకమైంది ఏదైనా వచ్చిందా అంటూ. నేను కాఫీ తెచ్చేలోపు, గీతలు పడకుండా కౌంటర్ మీద ఆ పెట్టె కింద జాగ్రత్తగా గుడ్డ పరుచుకుంటాడు.