చెవి మేస్త్రి చూపు

అరవై కుట్టుమిషన్లు ఒక్కసారిగా మొదలైతే పెంకుల మీద వాన పడుతున్నట్టుంటుంది. పొద్దున్నే కిటికీల్లోంచి పడే ఎండలో నూలుపోగులు తేలుతుంటాయి, ఎటూ పోవు, కిందికీ రావు. ఆ మోతలో, ఆ వెలుగులో, మూడో స్తంభానికి వీపు ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగే మనిషి నా తమ్ముడు. నిద్రపోతున్నాడనుకునేరు! వింటున్నాడు. కాసేపటికి కళ్లు తెరిచి, నూనెడబ్బా పట్టుకుని, తిన్నగా ఏ నలభై రెండో మిషను దగ్గరికో వెళ్లి, "సూది వంగింది, గంటలో విరుగుతుంది" అంటాడు. అందుకే వాణ్ణి అందరూ చెవి మేస్త్రి అంటారు. రిపేర్లు వాడివి, కాలర్లు కుట్టే పని నాది. ఇద్దరం పందొమ్మిదేళ్లుగా ఒకే హాల్లో ఉన్నాం.

వాణ్ణి పెంచింది నేనే. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు, నాకు పద్నాలుగు. ఎవరు పలకరించినా వాడు గోడవంకో కప్పువంకో చూసేవాడు. జనం పొగరన్నారు, తిక్కన్నారు. నాకు ఒళ్లు మండేది, వాళ్ల మీదా, వాడి మీదా. గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకుని, మనుషుల కళ్లలోకి చూడటం నేర్పాను. ఏళ్లు పట్టింది. నేర్చుకున్నాడు పాపం. నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను.

పోయిన నెల తలనొప్పులంటున్నాడని వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ మూడుసార్లు పిలిపించి, చిన్ననాటి సంగతులన్నీ అడిగి, చివరికి ఆటిజం అంది. తిరిగొచ్చే బస్సులో రుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడు మాత్రం కిటికీ బయట పరిగెత్తే గోడల్ని చూస్తూ, వేళ్లు గాల్లో ఆడిస్తూ, పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"ఎందుకేడుస్తావక్కా? కాజాలు తీసే మిషనుతో అంచు కుట్టమంటే కుడుతుందా? కుట్టలేదని దాన్నెవరూ తిట్టరుగా. ఇన్నాళ్లూ నేను పాడైపోయిన మిషన్నేమో అనుకున్నా. కాదట, వేరే రకమట. ఎంత హాయిగా ఉందో తెలుసా!"

"హాయిగా ఉంటే నోరు మూసుకుని ఉండు. ఎక్కడా అనకు" అని కసిరాను.

ఈలోగా హాలుకి కొత్త మేనేజరొచ్చాడు. తమ్ముడు స్తంభానికానుకుని ఊగడం ఆయన చూశాడు. "పనివేళ నిద్రా?" అన్నాడు. శుక్రవారం తన గదికి రమ్మన్నాడు, అక్కనని నన్నూ రమ్మన్నాడు. జవాబు సరిగా లేకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు. తమ్ముడికి ఆ మోత తప్ప వేరే లోకం లేదు. అది పోతే వీడేమైపోతాడురా భగవంతుడా అని నాలుగు రోజులు నాకు ముద్ద దిగలేదు. కళ్లలోకి చూడు, ఊగకు, డాక్టరు మాట ఎత్తకు అని ఒకటికి పదిసార్లు నూరిపోశాను.

చెప్పినట్టే చేశాడు. రెప్ప వేయకుండా మేనేజరు కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు.

"రోజుకెన్ని మిషన్లు చూస్తావు?"

"అవునండి."

"అవునేంటయ్యా? కిందటి నెలలో ఎన్ని ఆగాయి?"

"చూస్తానండి."

మేనేజరు పెన్ను బల్ల మీద పడేసి నా వైపు తిరిగాడు. "ఏవమ్మా, అడిగేదొకటి, చెప్పేదొకటి! ఇతనితో ఎలా వేగను?"

అప్పుడు తమ్ముడు కుర్చీని గిర్రున గోడవైపు తిప్పేసుకున్నాడు. కొంప మునిగిందనుకున్నాను.

"సార్, నాకు ఆటిజం ఉందని డాక్టరుగారు చెప్పారు. మీ కళ్లలోకి చూస్తే మీ మాట నాకు అందదు. కళ్లే ఉంటాయి, మాట జారిపోతుంది. ఇప్పుడడగండి, చెప్తాను."

ఆయన కాస్త తటపటాయించి, వాడి వీపునే మళ్లీ అడిగాడు. ఇక చూడాలి! ఏ మిషను ఏ రోజు ఆగింది, ఏ బెల్టు సాగింది, వినడానికి కళ్లెందుకు మూసుకోవాలి, అన్నీ మెల్లగా ఊగుతూ, వేళ్లాడిస్తూ, తొణక్కుండా చెప్పుకుపోయాడు. వాడి గొంతులో అంత నెమ్మది ఉందని నాకే తెలియదు. చివరికి మేనేజరు, "నిలబడటమెందుకులే, ఆ స్తంభం దగ్గర కుర్చీ వేయిస్తాను" అన్నాడు. వాడు వద్దన్నాడు. కూర్చుంటే నేల అదురు పాదాలకి తెలియదట. సరే, నీ ఇష్టం అన్నాడాయన.

బయటికొచ్చాం. సాయంత్రపు ఎండ వీధంతా పరుచుకుని, మనుషులు అందులో తేలిపోతున్నట్టున్నారు. ఉద్యోగం నిలిచినందుకు గంతులేయాల్సింది పోయి, లోపల వాడన్న ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

"ఏరా, కళ్లలోకి చూస్తే నిజంగానే మాట అందదా?"

"అందదక్కా."

"మరి నేను గడ్డం పట్టుకుని చెప్పినవన్నీ?"

వాడు నాలుగడుగులు ఆలోచించాడు. "నీ ఎడమ కంట్లో తేనెరంగు చుక్కొకటుంది. చాలా బాగుంటుంది. అదే చూస్తుండేవాణ్ణి." తర్వాత వీధి చివరికి చూస్తూ, ఎంతో ఆశగా అడిగాడు. "ఏం చెప్పేదానివక్కా?"

అమ్మ పోయిన ఈ ముప్ఫైనాలుగేళ్లలో నేను చెప్పినవి ఎంత వెతికినా ఒక్కటే దొరికింది.

"నా వైపు చూడమనేదాన్నిరా" అన్నాను.