దేవదానం లైసెన్సు మీద రెండో ఎండార్స్‌మెంటు

1936 నాటికి ఏలూరులో నేను ప్లీడరుగా బోర్డు కట్టి మూడేళ్లయింది. తాడేపల్లిగూడెం రోడ్డు మీద బస్సుల పోటీ ముదిరిన రోజులవి. ఒక ఉదయం ఒక బస్సు యజమాని తన డ్రైవరు దేవదానాన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. భీమడోలు దగ్గర అతివేగంగా నడిపాడని అతని మీద కేసు.

“చిన్న కేసేనండీ. తప్పు ఒప్పేసుకుంటాడు, ఫైను నేను కట్టేస్తాను. మీరు పక్కన నిలబడితే చాలు,” అన్నారు యజమాని.

లైసెన్సు చూపించమన్నాను. వెనక పేజీలో ఎర్రసిరాతో ఒక ఎండార్స్‌మెంటు ఉంది. మోటారు కేసులో శిక్షపడితే కోర్టువారు ఆ సంగతి లైసెన్సు మీదే రాస్తారు. రెండేళ్ల కిందట కైకలూరు నుంచి పెళ్లివారిని తీసుకొస్తూ దేవదానం తాగిన మత్తులో బస్సును పొలంలోకి దించేశాడు. ఒక ముసలామె చెయ్యి విరిగింది.

“ఇది ఫైనుతో పోయేది కాదండీ. రెండో ఎండార్స్‌మెంటు పడితే లైసెన్సు ఇచ్చే అధికారి దాన్ని కొన్నాళ్లు ఆపొచ్చు, పూర్తిగా రద్దూ చెయ్యొచ్చు. మొదటిది తాగుడు కేసు కాబట్టి రద్దు చేస్తారనే నా భయం,” అన్నాను.

“అయితే నేను వేరే డ్రైవర్ని చూసుకోవాలన్నమాట,” అంటూ యజమాని లేచారు. దేవదానం అక్కడే ఉండిపోయాడు.

“ఎందుకయ్యా అంత వేగం?” అని అడిగాను.

“ద్వారకా తిరుమల యాత్రికులు భీమడోలులో రైలు దిగుతారండీ. అవతలి బస్సు కంటే ముందెళ్లి ఎక్కించుకోమన్నారు మా యజమానిగారు. కానీ తొక్కింది నేనేనండీ.”

రెండు మైలురాళ్ల మధ్య పట్టిన సమయాన్ని బట్టి పోలీసులు వేగం లెక్కకట్టారు. అక్కడొకరు, ఇక్కడొకరు నిలబడి, చెరొక గడియారం చూసుకున్నారు. ఆ రెండు గడియారాలూ కలిశాయా అని నిలదీస్తే కేసు వీగిపోవచ్చని చెప్పాను. దేవదానం తల అడ్డంగా ఊపాడు.

“వేగంగా నడిపిన మాట నిజమండీ. కాదని చెప్పలేను. పట్టుకున్న హెడ్ కానిస్టేబుల్ని ఒక్క మాట అడగండి చాలు. ఆ రోజు నా దగ్గర సారా వాసన వచ్చిందా అని.”

నేను ఒప్పుకోలేదు. మనంతట మనం తాగుడు ఊసెత్తితే మేజిస్ట్రేటుగారికి పాత కేసు మరింత గుర్తుచేసినట్టవుతుంది. ఏ ప్లీడరూ చెయ్యని పని అది.

వాయిదా రోజున కోర్టు వరండాలో అతని భార్య రూతమ్మ నన్ను ఆపింది.

“ఏవండీ ప్లీడరుగారూ, ఈయన మళ్లీ మొదలెట్టాడని పేటంతా అనుకుంటున్నారండీ. రెండేళ్లు చుక్క ముట్టలేదు. మొన్న మొన్ననే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు మళ్లీ రానిచ్చారు. ఇప్పుడు పాస్టరుగారు కూడా మొహం చాటేస్తున్నారండీ.”

లోపలికి వెళ్లాక, నేను చదివిన లా అంతా వద్దంటున్నా, ఆ ప్రశ్న అడిగాను. హెడ్ కానిస్టేబులు దేవదానం వైపు చూశాడు.

“వాసన లేదండీ. చెయ్యి ఎత్తగానే బస్సు ఆపాడు. మాట తిన్నగా ఉంది,” అన్నాడు.

మేజిస్ట్రేటుగారు ఫైను వేసి, లైసెన్సు మీద ఎండార్స్‌మెంటు రాస్తుండగా దేవదానం చేతులు జోడించాడు.

“అయ్యగారూ, తాగలేదని కూడా రాయండి.”

“చెయ్యని నేరం లైసెన్సు మీద రాయరయ్యా,” అన్నారాయన. కానీ తీర్పులో ఒక వాక్యం చేర్చారు: ముద్దాయి మద్యం తాగినట్టు సాక్ష్యం లేదు, సాక్షి చెప్పినదాన్నిబట్టి అతను పూర్తిగా స్పృహలో ఉన్నాడు.

తీర్పు నకలు రెండు తీయించాను. ఒకటి లైసెన్సు అధికారికి పంపిన అర్జీకి జతచేశాను. రద్దు చేస్తారనుకున్న లైసెన్సును ఆయన నాలుగు నెలలు ఆపి ఊరుకున్నారు. ఆ నాలుగు నెలలూ దేవదానం కొల్లేట్లో చేపల పడవ నడిపాడు. పాత యజమాని మళ్లీ పిలవలేదు. గడువు తీరాక తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు లారీ మీద పని దొరికింది.

రెండో నకలు రూతమ్మ తీసుకుంది. దాన్ని పాస్టరుగారు ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ చదివారని తర్వాత తెలిసింది.

ఆ కేసు తర్వాత ఏ డ్రైవరు వచ్చినా ముందు లైసెన్సు వెనక పేజీ చూడటం అలవాటు చేసుకున్నాను. దాన్ని బల్ల మీద పెట్టి, “నీకు ఏది పోతుందని భయం?” అని అడుగుతాను. దేవదానాన్ని నేనా మాట అడగలేదు. అతని భయం లైసెన్సు గురించేనని నా అంతట నేనే అనుకున్నాను.