రూతమ్మ టీచర్ నేర్పిన క్రియలు

పోయిన వారం మేనకోడలికి గాజులు కొనడానికి లాడ్ బజారు వెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నర అయి ఉంటుంది. ఎండ దుకాణాల పరదాల మీద పడి, లోపల ఉన్నవాళ్ళందరూ నీళ్ళలో కూర్చున్నట్టు కనిపిస్తున్నారు. పక్క సందులోంచి లక్క కరిగే వాసన వచ్చింది. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడేటప్పుడు వచ్చే వాసన అది. కాలిన తేనెకూ తడిసిన కట్టెకూ నడుమ ఎక్కడో ఉంటుంది. మేనకోడలు ఎరుపు చూద్దామా, ఆకుపచ్చ చూద్దామా అని అడుగుతోంది. నాకు ఆ పిల్ల మాట వినిపించడం లేదు. ఎప్పటిదో ఒక గొంతు మెల్లగా, "ఏమిటి? ఎవరిని? అడుగు బిడ్డా, క్రియను అడుగు" అంటోంది.

ఆ గొంతు రూతమ్మ టీచర్‌ది. ఆ సందులోనే, లక్క గాజులు చేసే ఒక ఇంటి మేడమీద, ఒక్క గదిలో ఉండేవారు. ఊళ్ళోని ఒక చిన్న బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ లేత రంగు నేత చీర, మెడలో నల్లదారానికి చిన్న వెండి శిలువ. కింద కుంపటి వెలిగిస్తే వేడంతా ఆమె గది నేలలోకి ఎక్కేది. చలికాలంలో ఆ నేల మీద కూర్చుని చదువుకోవడం కంటే సుఖం నాకు తరవాత ఎక్కడా దొరకలేదు. ఎండాకాలంలో మాత్రం చాప మీద నీళ్ళు చల్లుకుని కూర్చునేవాళ్ళం.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లీషు తప్పాక. మా బాపు బస్సు డిపోలో మెకానిక్. ఎవరో చెప్పగా విని, చేతులకు గ్రీజు సరిగ్గా వదలకముందే నన్ను వెంటబెట్టుకుని ఆ మెట్లు ఎక్కించాడు. టీచర్ నన్ను ఏమైందని అడిగారు. "ఇంగ్లీష్ పోయింది టీచర్" అన్నాను. అందరం అలాగే అంటాం కదా, ఒక సబ్జెక్టు పోయింది, రెండు పోయాయి అని. ఆమె అది ఎటు పోయిందో వెతుకుతున్నట్టు కిటికీ వైపు చూశారు.

"అదే పోయిందా, నువ్వు పోగొట్టుకున్నవా?"

బాపు పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. రేపటినుంచి రానని మెట్లు దిగుతూ అనుకున్నాను. కాని దారి పొడుగునా ఆ రెండు మాటలే నాలుక మీద తిరిగాయి. పోయింది, పోగొట్టుకున్నాను. మొదటిదాంట్లో నేను లేను. రెండోదాంట్లో ఉన్నాను. మర్నాడు నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను.

మొదటి నెలంతా క్రియలే. ట్రాన్సిటివ్, ఇంట్రాన్సిటివ్ అనే మాటలు అంతకుముందు నాకు రెండు మందుల పేర్లలా ఉండేవి. ఆమె వాటిని పుస్తకంలోంచి చెప్పలేదు. ఒక వాక్యం చెప్పి, క్రియను ప్రశ్న అడగమనేవారు. కింద గాజులు చేసే పెద్దావిడను అందరం ఖాలా అనేవాళ్ళం. ఖాలా గాజు చేస్తోంది. చేస్తోంది అంటే ఏమిటి? గాజు. జవాబు వచ్చింది, ఆ పని ఒకదాని మీద పడింది, కాబట్టి సకర్మకం. పిల్లి నిద్రపోతోంది. ఏమిటి? ఎవరిని? జవాబు లేదు. నిద్ర పిల్లి దగ్గరే మొదలై పిల్లి దగ్గరే ఆగింది, కాబట్టి అకర్మకం. "కర్మ అంటే మన తలరాత కాదు, పని పోయి ఎవరి మీద పడ్డదో అది" అని చెప్పి తనలో తాను నవ్వుకునేవారు.

తరవాత రెండు వైపులా వాడే క్రియలు వచ్చాయి. ఇంగ్లీషులో గ్లాసు పగిలినా బ్రోకే, నేను పగలగొట్టినా బ్రోకే. తలుపు తెరుచుకున్నా ఓపెనే, ఎవరైనా తెరిచినా ఓపెనే. తెలుగులో మాత్రం మనకు వేరువేరు మాటలున్నాయి. పగులుతుంది, పగలగొడతాం. విరుగుతుంది, విరుస్తాం. మారుతుంది, మారుస్తాం. అందుకే, తెలుగువాడికి ఈ పాఠం తల్లి కడుపులోనే వచ్చి ఉంటుందనీ, ఊరికే గుర్తు చేస్తే చాలనీ ఆమె నమ్మకం. ఇంటికి వెళ్ళాక అమ్మ మాటలు, పక్కింటివాళ్ళ మాటలు వింటూ ఏది ఏ క్రియో పోల్చుకునేదాన్ని. అన్నం మాడింది అనేది అమ్మ. మాడ్చాను అని ఎప్పుడూ అనలేదు. ఊరంతా ఎవరూ ఏమీ చేయకుండానే అన్నీ జరిగిపోతున్నాయని ఆ రోజుల్లో నాకు తెలిసింది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి టీచర్ ఒళ్ళో ఒక పెళ్ళి కార్డు ఉంది. కవరు మీద పంపినవాళ్ళ పేరు చూసి, ఎస్తేరు అంటే ఎవరని అడిగాను. చెల్లెలన్నారు. సర్కారు దవాఖానలో నర్సుగా చేసిందట, అఫ్జల్‌గంజ్ వెనక ఉంటుందట. కూతురి పెళ్ళి. అంత దగ్గర ఉన్న చెల్లెలు నేను వస్తున్న ఇన్ని నెలల్లో ఒక్కసారైనా ఆ మెట్లు ఎక్కగా నేను చూడలేదు.

"మాటలు ఆగిపోయినయ్ మాకు. తొమ్మిదేండ్లయితుంది" అన్నారామె, కార్డును పుస్తకాల కింద పెడుతూ.

నాకు పందొమ్మిదేళ్ళు. కొత్తగా నేర్చుకున్నది ఎక్కడ దొరికితే అక్కడ వాడే వయసు. ఆమె మెచ్చుకుంటారన్న ఆశతో, నవ్వుతూనే అడిగాను.

"ఆగిపోయినయా టీచర్? ఎవరు ఆపిన్రు?"

ఆమె ముఖం మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. నేను అక్కడ లేనట్టు చూశారు. ఇయ్యాళ్టికి చాలు, పో బిడ్డా అన్నారు. ఆ మాట అనేటప్పుడు కూడా గొంతు పెరగలేదు.

రెండు రోజులు ఇంట్లో తలనొప్పి అని పడుకున్నాను. మూడో రోజు బాపు డిపోకు పోతూ, టీచర్ దగ్గర ఏమన్నా లొల్లి చేసినవా అని అడిగాడు. చెప్పాను. ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, పెద్దమనిషిని అట్ల అడుగుతరా అన్నాడు. అంతలోనే, ఏమో, ఎవరో ఒకరు అడగాలె గదా అని కూడా అన్నాడు. క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాను. టీచర్ చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, మెట్ల మీదే నిలబడి ఉన్నారు. నేను నోరు తెరవకముందే, తనతో అఫ్జల్‌గంజ్ దాకా వస్తావా అని అడిగారు.

నడిచే వెళ్దామన్నారు. చార్మినార్ దాటి, పత్తర్‌గట్టి అరుగుల పక్కనుంచి, జనం మధ్య చిన్నగా నడిచాం. ఆమె దారిలోనే, ముక్కలు ముక్కలుగా చెప్పారు. తల్లి చెల్లెలి ఇంట్లో ఉండగా జబ్బు పడింది. ఎస్తేరు కబురు పంపింది. బడిలో పెద్ద పరీక్షలు. ఇంకో రెండు రోజులే కదా అని టీచర్ ఆగారు. రెండో రోజు పొద్దున్నే తల్లి కన్నుమూసింది. శవం పక్కన, నలుగురూ వింటుండగా, "పరీక్షలు అయిపోయినయా అక్కా?" అని అడిగింది చెల్లెలు. అంతే. ఆ తరవాత ఎస్తేరు రెండు సార్లు వచ్చింది, పండక్కి ఒకసారి, ఊరికే ఒకసారి. టీచర్ గొళ్ళెం తీయలేదు.

నయాపూల్ మీదికి వచ్చాక ఆగిపోయారు. వంతెన కింద మూసీ సన్నగా, నురగ కట్టి, ఎండకు మెరుస్తోంది. కోర్టు గుమ్మటాలు ఎండ సెగలో దూరంగా కదులుతున్నట్టు కనిపించాయి. వెనక్కి తిరిగిపోతారేమో అనుకున్నాను. ఆమె మాత్రం పిట్టగోడ మీద చెయ్యి వేసి, "ఈ తొమ్మిదేండ్లు గూడ పిల్లలకు చెప్పిన, క్రియను అడుగుమని. నన్ను నేనడగలే" అన్నారు. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని నాకంటే ముందు నడిచారు.

తలుపు తీసిన మనిషి టీచర్‌లాగే పొడుగు, కాస్త లావు. నడుముకు తడి తువ్వాలు చెక్కుకుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పట్టుకుని ఏడవడం లాంటివేమీ జరగలేదు.

"ఎస్తేరూ, మాటలు ఆగలే. నేనే ఆపిన" అన్నారు టీచర్.

చెల్లెలు గుమ్మంలోనే నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "రెండుసార్లు వచ్చిన. మూడోసారి రాలే. అది నా పని" అంది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. టీచర్ చెప్పులు విడుస్తుంటే, "అమ్మ ముచ్చట మాత్రం ఇయ్యాళ తియ్యకు అక్కా, నాతోని కాదు" అని లోపలికి పోయింది. నాకు గ్లాసు నిండా రూహఫ్జా షర్బత్ ఇచ్చారు. అక్కాచెల్లెళ్ళు వంటింట్లో పెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నారు. మాటలు తక్కువే వినిపించాయి. చాట మీద బియ్యం జరిగే చప్పుడు మాత్రం సాయంత్రం దాకా వినిపించింది.

వాళ్ళు మళ్ళీ మునుపటిలా అయ్యారని చెప్పను. తల్లి ప్రస్తావన వస్తే ఇద్దరిలో ఒకరు లేచి వెళ్ళిపోవడం నేను తరవాత కూడా చూశాను. కాని ఎస్తేరు ఆదివారాలు ఆ మెట్లు ఎక్కేది, మోకాళ్ళ నొప్పులని అక్కను తిడుతూ. నేను ఇంగ్లీషు పాసయ్యాను. నయాపూల్ దగ్గర ఒక లాయరు ఆఫీసులో, తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి రాసే పనికి కుదిరాను.

ఆ ఉద్యోగంలో ఉండగానే బాపు పోయాడు. పొద్దున ఛాతీలో ఏదో పట్టేసినట్టుందన్నాడు. ఆ రోజు ఆఫీసులో అర్జెంటు పని ఉంది. సాయంత్రం రాంగనే దవాఖానకు పోదాం అన్నాను. మధ్యాహ్నం డిపోలో, ఒక బస్సు పక్కన కూలిపోయాడు. పదకొండు రోజుల తరవాత ఆఫీసుకు సెలవు చీటీ రాయాల్సి వచ్చింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఐ లాస్ట్ మై ఫాదర్ అని రాశాను. అందరూ రాసేదే. కాని ఆ వాక్యాన్ని నేను దాటి పోలేకపోయాను. లాస్ట్, సకర్మక క్రియ. ఎవరిని? మా బాపును. చేసింది ఎవరు? నేను. వాక్యం మొదట్లోనే నేను నిలబడి ఉన్నాను.

ఆ కాగితం పట్టుకుని టీచర్ గదికి వెళ్ళాను. అప్పటికి ఆమెకు చూపు మందగించింది. కాగితాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చదివారు. నేను సాయంత్రం అన్నాననీ, పొద్దున్నే తీసుకుపోయి ఉంటే అనీ, ఏడుస్తూ చెప్పాను. మాడింది అనొద్దు, మాడ్చాను అను అని నేర్పిన మనిషి మీరే కదా అని కూడా అన్నాను. ఆమె నా పక్కన నేల మీద కూర్చున్నారు. నేల వెచ్చగా ఉంది.

"మా అమ్మ దగ్గరికి నేను ఆలస్యంగ పోయిన. అది నేను చేసిన పని. ఆ వాక్యం నాది, దాన్ని ఎవ్వరికీ ఇయ్య" అన్నారు నెమ్మదిగా. "అమ్మ సచ్చిపోయింది. అది అమ్మ వాక్యం. దానికి కర్మ లేదు బిడ్డా. రెండు వాక్యాలను కలిపి ఒక్కటే చేసుకుని, ఇన్నేండ్లు తప్పు చదివిన."

ఆమె నా చేతిలో పెన్ను పెట్టి, రెండూ విడివిడిగా రాయమన్నారు. సాయంత్రం దాకా ఆగమన్నాను. అది రాసి చుక్క పెట్టాను. మా బాపు చనిపోయాడు. ఇంకో చుక్క. మొదటి వాక్యం దగ్గర ఎంత ఏడవాలో అంత ఏడవమన్నారు, దాన్ని కొట్టివేయమనలేదు. రెండోదాన్ని మాత్రం ఎత్తుకోవద్దన్నారు. అది నీకు ఎత్తే బరువు కాదు, ఎవరికీ కాదు అన్నారు. చీటీలో మై ఫాదర్ డైడ్ అని రాసుకుపోయాను.

టీచర్ పోయి నాలుగేళ్ళయింది. నిద్రలోనే పోయారు, ఎస్తేరు ఇంట్లో, వర్షం పడుతున్న ఒక పొద్దున. కబురు అందగానే వెళ్ళాను. ఎస్తేరమ్మ నన్ను చూసి, రాత్రి పాలు వద్దంటే బలవంతపెట్టాల్సిందేమో అని మొదలుపెట్టింది. ఆమె చేతులు పట్టుకుని, టీచర్ నాకు చెప్పింది మొత్తం, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

ఇప్పటికీ నేను చేసేది ఆ పనే. మనుషులు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాస్తాను. చెయ్యి విరిగింది అని ఒకామె తల వంచుకుని అంటుంది. నేను పెన్ను ఆపి, విరిగిందా అమ్మా, విరిచిన్రా అని అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పరు, ఎదురుచూస్తాను. ఇంకొకాయన వస్తాడు, తాను ఊళ్ళో లేనప్పుడు కొడుకు పోయాడని, నేనే పోగొట్టుకున్నానని రాయమంటాడు. ఆయన ఊళ్ళో లేడని ఒక వాక్యం రాస్తాను. కొడుకు చనిపోయాడని ఇంకొకటి రాస్తాను. వాటి నడుమ చుక్క పెట్టేటప్పుడు, సిరా కాగితంలోకి ఇంకేదాకా పెన్ను అక్కడే కొంచెం గట్టిగా అదిమి పట్టుకుంటాను.